అమ్మ నంబర్ వేరు, నా నంబర్ వేరు



పోయిన వారం రాత్రి పదకొండు దాటాక మన హాస్టల్ చెల్లి ఒకామె నాకు వాట్సాప్‌లో రిపోర్ట్ ఫొటో పంపింది. టీఎస్‌హెచ్ 6.8. పక్కన ఎర్ర అక్షరాల్లో 'హై' అని ఉంది. కింద ఒకటే లైను: "అక్కా, నాకు గుండె జబ్బు వస్తాదా?" ఎవరో యూట్యూబ్ వీడియోలో థైరాయిడ్ ఉంటే గుండె పాడైపోతుందని చెప్పారట, అది చూసి ఏడుస్తూ కూర్చుంది. నాలుగు వాయిస్ మెసేజ్‌లు పెట్టాను. తర్వాత నాకే అనిపించింది, ఈ సంగతి ఒక్కరికి చెప్పి ఊరుకునేది కాదని. మన గ్రూపులో ఎంతమంది ఇళ్లల్లో ఈ 'హై' కాగితం ఉందో! అందుకే రాస్తున్నాను. కొంచెం పొడుగే, తీరిక చేసుకుని చదవండి.

ముందే చెప్తున్నాను, నేను డాక్టర్‌ని కాదు. బీఎస్సీ, బీఈడీ చేసి డీఎస్సీకి చదువుతున్నదాన్ని. మా ఇంట్లో ముగ్గురికి ఒకే టెస్టు చేయించాల్సి వచ్చింది, మూడు నంబర్లూ మూడు రకాలుగా వచ్చాయి. ఆ మూడింటి మధ్య నేను నేర్చుకున్నది, నేను చేసిన తప్పు, రెండూ చెప్తాను.

మొదటి నంబర్ నాది. రెండేళ్ల కిందట విశాఖలో కోచింగ్‌లో ఉన్నప్పుడు. మధ్యాహ్నం మూడయితే చాలు, రీడింగ్ రూమ్‌లో పుస్తకం మీదే తల పెట్టి నిద్రపోయేదాన్ని. జుట్టు ఊడేది. ఏడాదిలో ఆరు కేజీలు పెరిగాను. రూమ్‌మేట్లు "హాస్టల్ అన్నం బాగా ఒంటబట్టింది" అని నవ్వేవాళ్లు. కోచింగ్ సెంటర్ దగ్గర హెల్త్ క్యాంప్ పెడితే రక్తం ఇచ్చాను. టీఎస్‌హెచ్ 6.4 వచ్చింది, టీ4 మాత్రం నార్మల్. దగ్గర్లోని ఒక క్లినిక్‌కి వెళ్లాను. డాక్టర్‌గారు కాగితం చూసి 50 మైక్రోగ్రాముల మాత్ర రాసి, "జీవితాంతం వేసుకోవాలి" అన్నారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కిందనే మెడికల్ షాపులో వంద మాత్రల డబ్బా కొనుక్కుని రూమ్‌కి వచ్చాను.

డబ్బా మూత తీయలేకపోయాను. 'జీవితాంతం' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఫోన్ తీసి వెతికితే థైరాయిడ్, కొలెస్ట్రాల్, షుగర్, హార్ట్ ఎటాక్ అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మా నాన్న 48 ఏళ్లకే పోయాడు. రాత్రి ఛాతీలో నొప్పి అన్నాడు. మా ఊరి నుంచి రోడ్డుకి నాలుగు కిలోమీటర్లు డోలీలో మోసుకొచ్చారు, 108 వచ్చేసరికి అయిపోయింది. నేనప్పుడు ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. మా ఇంట్లో 'గుండె' అన్న మాట ఎవరూ ఊరికే అనరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా మండలం నుంచి ఎంబీబీఎస్ చదివిన అన్న ఒకాయన అప్పుడు పీజీ చేస్తున్నారు. ఆదివారం ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం చూడకముందే అడిగారు, "ఈ మధ్య ఏమైనా జ్వరం వచ్చిందా?" వచ్చింది. టెస్టుకి నెల ముందే మలేరియా తగిలి ఊళ్లో పది రోజులు మంచం మీద ఉన్నాను. క్లినిక్‌లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పెద్ద జ్వరం నుంచి కోలుకుంటున్నప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్లు పైకి వెళ్లి దానంతట అదే దిగుతుందట. "ఒక్క టెస్టుతో థైరాయిడ్ జబ్బు అని ముద్ర వెయ్యకూడదు. రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చేయించు. ఈసారి యాంటీ టీపీవో, కొలెస్ట్రాల్ కూడా చూపించు. అప్పుడు మాట్లాడదాం" అన్నారు.

అసలు ఈ టీఎస్‌హెచ్ ఏంటో ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తు. కాఫీ తోటలో మేస్త్రి ఉంటాడు కదా. కూలీలు మామూలుగా పని చేస్తుంటే మేస్త్రి చిన్నగా మాట్లాడతాడు. పని మందగిస్తే గొంతు పెంచుతాడు. మెడ దగ్గర సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి కూలీ. అది చేసే పని టీ4, టీ3 హార్మోన్లు. తలలోని పిట్యూటరీ గ్రంథి మేస్త్రి, దాని అరుపు టీఎస్‌హెచ్. పని సరిపడా జరుగుతోంది, కానీ జరిపించడానికి మేస్త్రి మామూలు కన్నా గట్టిగా అరవాల్సి వస్తోంది. టీ4 నార్మల్, టీఎస్‌హెచ్ ఎక్కువ అంటే అదే. డాక్టర్లు దీన్ని సబ్ క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. థైరాయిడ్ కొంచెం మందగించింది, చేతులెత్తెయ్యలేదు. పని కాస్త తగ్గినా అరుపు చాలా పెరుగుతుంది, అందుకే టీఎస్‌హెచ్ ముందుగా బయటపడుతుంది.

పది వారాలు ఆగాను. డబ్బా సంచి అడుగున పడేశాను. రెండో టెస్టులో టీఎస్‌హెచ్ 3.7. యాంటీ టీపీవో లేదు. కొలెస్ట్రాల్ బాగానే ఉంది. నాకు థైరాయిడ్ లేదు. మరి నిద్ర? హిమోగ్లోబిన్ 9.1. అసలు కారణం అక్కడుంది. బరువు సంగతి అడిగితే అన్న నవ్వారు. ఇంత కొంచెం టీఎస్‌హెచ్‌తో ఆరు కేజీలు పెరగవట. పైగా బరువు పెరిగినవాళ్లలో టీఎస్‌హెచ్ కాస్త పెరిగి, బరువు తగ్గాక దిగడం కూడా ఉందట. అంటే మనం అనుకున్నదానికి తిరగబడి. రోజంతా కూర్చుని చదవడం, హాస్టల్ తెల్లన్నం, సాయంత్రం సమోసా, వాటి గురించి నన్ను అడగమన్నారు. అడగలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ పోస్టు రాసేదాన్ని కాదు. "ఆ టీఎస్‌హెచ్ అంతా ఉత్తిదే, భయపడకండి" అని చెల్లికి ఒక మెసేజ్ పెట్టి పడుకునేదాన్ని.

సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. అమ్మని చూసి ఏదో తేడాగా అనిపించింది. 46 ఏళ్ల మనిషి, కొండెక్కి దిగే మనిషి, గుమ్మం దగ్గర కూర్చుని లేవడానికి గోడ పట్టుకుంటోంది. మొహం ఉబ్బినట్టుంది. గొంతు బొంగురు. పొయ్యి పక్కనే ఉన్నా రెండు దుప్పట్లు. మా దగ్గర జనవరి చలి మీకు తెలిసిందే, కానీ మా అమ్మ ఎప్పుడూ అంత వణకలేదు. "ఏటైందమ్మా?" అంటే, "ఏటీ నేదు, వయసైపోతంది కదా" అంది. నాకు పది వారాల కిందట నేర్చుకున్న పాఠం గుర్తుంది కాబట్టి నాడి పట్టి చూశాను. నిమిషానికి 54.

పాడేరు నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు. అమ్మకి బస్సు పడదు. రెండుసార్లు దింపి, నిమ్మకాయ వాసన చూపిస్తూ తీసుకెళ్లాను. టీఎస్‌హెచ్ 14.2. టీ4 నార్మల్‌లోనే ఉంది, కానీ అంచున. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ 178. బీపీ 140/96. షుగర్ హద్దు మీద. యాంటీ టీపీవో పాజిటివ్, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున థైరాయిడ్ మీద దాడి చేస్తోంది. ఆరు వారాల తర్వాత మళ్లీ చేయిస్తే 15.1.

నాదీ 'హై', అమ్మదీ 'హై'. రెండు కాగితాల మీదా అదే ఎర్ర అక్షరం. నాకు మాత్ర అక్కర్లేదన్న అన్నే అమ్మకి వెంటనే పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్లి మాత్ర మొదలుపెట్టమన్నారు. ఎందుకు అని గట్టిగా అడిగాను. నాన్న గురించి ఆయనకీ తెలుసు కాబట్టి ఓపిగ్గా చెప్పారు.

రక్తంలోంచి చెడ్డ కొలెస్ట్రాల్‌ని లాగేసే పని కాలేయానిది. దాని మీద ఎల్‌డీఎల్‌ని పట్టుకునే కొక్కేల్లాంటివి ఉంటాయి. ఆ కొక్కేలు ఎన్ని ఉండాలో చెప్పేవాటిలో థైరాయిడ్ హార్మోన్ ఒకటి. హార్మోన్ తగ్గితే కొక్కేలు తగ్గుతాయి, కొలెస్ట్రాల్ రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. గుండెకి కూడా ఈ హార్మోన్ కావాలి. ప్రతి దెబ్బకీ మధ్య గుండె వదులై రక్తం నింపుకోవాలి కదా, ఆ వదులవడం మందగిస్తుంది. రక్తనాళాలు బిగుసుకుని బీపీలో కింది అంకె పెరుగుతుంది. అమ్మ 96 అదే. ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగ్గా వినకపోవడం కూడా దీనితో ముడిపడి కనిపిస్తుంది. ఇవన్నీ ఒక్కొక్కటి చూస్తే చిన్నవే. ఒకే మనిషిలో, ఏళ్ల తరబడి కలిస్తే చిన్నవి కావు.

ఎంత టీఎస్‌హెచ్ నుంచి భయపడాలి అన్నదానికి ఆయన ఒక పరిశోధన చెప్పారు. 2010లో వచ్చింది. వేర్వేరు దేశాల్లో ఏళ్లపాటు గమనించిన 55,287 మంది వివరాలు కలిపి చూశారు. టీఎస్‌హెచ్ 4.5 నుంచి 6.9 మధ్య ఉన్నవాళ్లలో గుండె రక్తనాళాల జబ్బు మామూలు వాళ్లతో సమానంగానే ఉంది. 7 నుంచి 10 లోపు కాస్త ఎక్కువ. 10 దాటి 20 లోపు ఉన్నవాళ్లలో 1.89 రెట్లు, అంటే దాదాపు రెట్టింపు. నా 6.4, ఆ చెల్లి 6.8 ఒక గట్టున, అమ్మ 14 అవతలి గట్టున. ఆ వీడియో చేసినాయన ఈ రెండు గట్లనీ ఒకటే చేసేశాడు.

మాత్ర వేస్తే ఆ ముప్పంతా పోతుందా? అంత తేలిక కాదన్నారు అన్న. 2017లో మరో పరిశోధన వచ్చింది. 65 దాటిన 737 మందికి, చాలామందిది తక్కువ స్థాయి పెరుగుదలే, సగం మందికి మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఏడాది చూస్తే, నీరసంలో ఏ తేడా లేదు. వయసు మీద పడ్డాక టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం సహజం కూడా. అందుకే మీ నాయనమ్మకి, తాతకి 6 వచ్చిందని పరిగెత్తి మాత్ర మొదలుపెట్టొద్దు. 10 దాటితే, రెండుసార్లూ దాటితే, వయసు మరీ ఎక్కువ కాకపోతే, అప్పుడు డాక్టర్లు ఎక్కువగా మందు వైపే మొగ్గుతారు. కొలెస్ట్రాల్, బీపీ, ఇంట్లో గుండె జబ్బు చరిత్ర ఉంటే ఇంకా. మా అమ్మకి ఇవన్నీ ఉన్నాయి. చరిత్ర నాన్నది కదా అనుకుంటున్నారేమో, అమ్మ వైపు మేనమామ కూడా అలాగే పోయాడు.

మాత్ర మొదలైంది. మే నెలలో ఎనిమిది వారాల టెస్టు. 12.6. అంత బస్సు ప్రయాణం, వాంతులు, లాబ్‌లో డబ్బు, అన్నీ అయ్యాక దిగింది అంతే. డాక్టర్‌గారు డోసు పెంచబోయి, పెన్ను ఆపి, "ఎలా వేసుకుంటున్నావమ్మా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకి నేను ఇప్పటికీ ఆ డాక్టర్‌గారికి దండం పెడతాను.

అమ్మ చెప్పింది. పొద్దున్నే లేచి పాలు పోసిన టీ తాగి, ఆ టీతోనే మాత్ర. పక్కనే రక్తహీనతకి ఇచ్చిన ఐరన్ మాత్ర కూడా. "రెండూ మాత్రలే కదా, ఒకేపాలి మింగీస్తన్నాను." థైరాయిడ్ మాత్ర ఖాళీ కడుపుతో నీళ్లతోనే వేసుకోవాలి. అరగంట, కుదిరితే గంట వరకు ఏమీ తినకూడదు, టీ కూడా తాగకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకీ దీనికీ నాలుగు గంటల దూరం ఉండాలి. లేకపోతే కడుపులోనే ఒకదాన్నొకటి పట్టుకుని, ఒంటికి ఎక్కకుండానే బయటికి పోతాయి. మన ఏజెన్సీలో ఐరన్ మాత్ర లేని ఇల్లు ఉందా? హాస్టల్ పిల్లలకి, గర్భిణులకి, బాలింతలకి, అందరికీ ఇస్తారు. ఇవ్వాలి కూడా, నా 9.1 గుర్తుంది కదా. కానీ ఆ రెండు మాత్రలూ ఒకే చేతిలో పడితే ఏమవుతుందో ఇచ్చేవాళ్లు చెప్పరు, అడగడం మనకి తెలీదు.

ఇంకోటి. డబ్బా ఎక్కడ పెట్టావంటే, పొయ్యి పైన అటక మీద. పిల్లలకి అందకుండా. ఈ మాత్రకి వేడి, తేమ, వెలుతురు పడవు, మందు బలం తగ్గిపోతుంది. పొయ్యి సెగ, పొగ, వానాకాలం తేమ, అన్నీ అక్కడే.

పొద్దున్నే ఖాళీ కడుపుతో గంట కూర్చోవడం అమ్మ వల్ల కాదు. నాలుగింటికి లేచి పశువులు, పొయ్యి, పొలం. డాక్టర్‌గారే మార్గం చెప్పారు: రాత్రి అన్నం తిన్నాక మూడు గంటలు ఆగి, పడుకునే ముందు నీళ్లతో వేసుకోవచ్చు. మా ఇంట్లో ఆరున్నరకే అన్నం తినేస్తారు, తొమ్మిదిన్నరకి మాత్ర. ఐరన్ మాత్ర మధ్యాహ్నానికి మారింది. డబ్బా పడక గది పెట్టెలోకి వెళ్లింది. డోసు పెంచలేదు. జులైలో టీఎస్‌హెచ్ 3.4. ఎల్‌డీఎల్ 178 నుంచి 141. బీపీ 132/84. బరువు రెండు కేజీలే తగ్గింది, అదీ ఒంట్లో నీరు తగ్గి. థైరాయిడ్ మాత్ర వేస్తే సన్నబడతామని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇప్పుడు నా తప్పు.

సంచి అడుగున నా డబ్బా ఉంది కదా, ఒక్క మాత్ర కూడా తీయని వంద మాత్రల డబ్బా. అమ్మకి రాసిందీ 50 మైక్రోగ్రాములే. డబ్బు కలిసొస్తుందని దాన్ని ఇంట్లో ఇచ్చేసి వచ్చాను. పక్కింటి చిన్నమ్మ, 58 ఏళ్లు ఉంటాయి, ఆవిడకి మెడ దగ్గర వాపు నా చిన్నప్పటి నుంచీ ఉంది. మా ఊళ్లో ఆ వయసు ఆడవాళ్లలో అలాంటి మెడలు చాలా చూశాను. అమ్మ కొంచెం తేరుకోవడం చూసి చిన్నమ్మ అడిగింది. అమ్మ తన డబ్బా కాకుండా నా డబ్బా ఇచ్చేసింది. మనది అలాంటి ఊరు. ఉప్పు, నిప్పు, మాత్ర, ఏదైనా అడిగితే లేదనరు. చిన్నమ్మది పెద్ద వాపు కదా అని రోజుకి రెండు వేసుకుంది.

మూడు వారాలు. జూన్‌లో ఫోన్ వచ్చింది. చిన్నమ్మకి గుండె దడ, చేతులు వణుకు, నిద్ర లేదు, వారంలో బాగా చిక్కిపోయింది. పీహెచ్‌సీకి తీసుకెళ్తే నాడి 130, అదీ ఒక వరస లేకుండా. అక్కడ నుంచి కిందికి పంపించారు. టీఎస్‌హెచ్ 0.02. ఈసీజీలో గుండె లయ తప్పింది. అలాగే వదిలేస్తే గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం కూడా రావచ్చని చెప్పారు. ఫోన్ పట్టుకుని కోచింగ్ మెట్ల మీద కూర్చున్నప్పుడు నాకు డోలీ కనిపించింది. ఈసారి అందులో ఉన్న మనిషిని అక్కడికి పంపింది నేను.

చిన్నమ్మ బతికింది. మాత్ర ఆపారు, గుండె నెమ్మదించడానికి వేరే మందు ఇచ్చారు, లయ తిరిగొచ్చింది. కానీ రెండు నెలల తర్వాత కూడా టీఎస్‌హెచ్ 0.2 దగ్గరే ఉంది, మాత్ర లేకుండానే. స్కాన్‌లో మెడలో చాలా గడ్డలు కనిపించాయి. ఏళ్ల తరబడి అయోడిన్ అందని మెడలో గ్రంథి వాచి, గడ్డలు కట్టి, కొన్ని గడ్డలు మేస్త్రి మాట వినకుండా సొంతంగా హార్మోన్ చేసేయడం మొదలుపెడతాయట. అంటే చిన్నమ్మకి ఎక్కువయ్యేదే తప్ప తక్కువ లేదు. మెడ వాచింది అంటే థైరాయిడ్ తక్కువని మనం అనుకుంటాం. వాపు చూసి తక్కువో ఎక్కువో చెప్పలేం. టెస్టే చెప్పాలి.

అయోడిన్ అనగానే ఉప్పు గురించి చెప్పకుండా ఉండలేను. సముద్రానికి దూరంగా, వానకి మట్టి కొట్టుకుపోయే కొండల్లో మట్టిలోనే అయోడిన్ తక్కువ. ఆ మట్టిలో పండింది తింటే మనకీ తక్కువే. దేశంలో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం 1962లోనే మొదలైంది. అయోడిన్ లేని ఉప్పుని తినడానికి అమ్మకూడదన్న నిషేధం 2006 నుంచి దేశమంతా ఉంది. ప్యాకెట్ మన చేతికి వచ్చేసరికి కిలోకి కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. జీసీసీ డిపోల్లో ప్యాకెట్ ఉప్పు దొరుకుతుంది. అయినా మా సంతలో గోనెసంచిలో గళ్లుప్పు ఇప్పటికీ అమ్ముతున్నారు, మావాళ్లు కొంటున్నారు. "పేకిట్టుప్పు చప్పగుంటాది" అంటారు. ఆ గళ్లుప్పుని మట్టి పోవడానికి కడుగుతారు కూడా. అందులో ఏ కాస్త అయోడిన్ ఉన్నా ఆ నీళ్లతో పోతుంది. ప్యాకెట్ ఉప్పు కొన్నా మూత లేని కుండలో, మళ్లీ అదే పొయ్యి పైన. మాత్రకీ ఉప్పుకీ మా ఇంట్లో ఒకటే అటక!

అలాగని అయోడిన్ మందులు, చుక్కలు సొంతంగా కొని వేసుకోవద్దు. మా అమ్మది అయోడిన్ వల్ల వచ్చింది కాదు, రక్షణ వ్యవస్థ వల్ల వచ్చింది. అలాంటి వాళ్లకి అయోడిన్ ఎక్కువైతే ఇంకా చెడుతుంది. చిన్నమ్మలాంటి గడ్డలున్న వాళ్లకీ ప్రమాదమే. కూరలో వేసే ప్యాకెట్ ఉప్పు చాలు. అదీ తక్కువగానే, బీపీ ఉన్నవాళ్లు మరీ.

2013లో వచ్చిన ఒక సర్వేలో దేశంలోని ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్లని పరీక్షిస్తే సుమారు 8 శాతం మందికి ఈ తేలికపాటి మందగింపు ఉందని తేలింది. హైదరాబాద్ కూడా ఆ ఎనిమిదిలో ఒకటి. అన్నీ నగరాలే. మా చిన్నమ్మ మెడ ఆ లెక్కలో లేదు. మనలో ఎవరైనా మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, సోషల్ వర్క్ చదువుతుంటే, ప్రాజెక్ట్ ఏం చెయ్యాలా అని చూస్తుంటే, మన మండలాలు ఉన్నాయి. ఇది మాత్రం నా కోరిక.

అక్కచెల్లెళ్లకి విడిగా ఒక మాట. పైన నేను చెప్పిన 7 లోపు, 10 దాటితే లెక్కలు కడుపుతో ఉన్నవాళ్లకి వర్తించవు. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకి తల్లి హార్మోనే ఆధారం. అందుకే గర్భంలో చిన్న పెరుగుదలకి కూడా డాక్టర్లు మాత్ర ఇస్తారు, ఇంకా తక్కువ అంకె దగ్గరే. పెళ్లయి పిల్లల కోసం చూస్తున్నా, నెల తప్పినా 'అక్క పోస్టులో ఆగమంది' అని ఆగొద్దు, వెంటనే చూపించుకోండి. అప్పటికే మాత్ర వాడుతున్నవాళ్లు నెల తప్పగానే చెప్పాలి, డోసు పెంచాల్సి ఉంటుంది.

ఇక మనకి అసలు కష్టం ఎక్కడంటే రెండో టెస్టు దగ్గర. మొదటి టెస్టు ఏదో క్యాంప్‌లో, ఏదో ఒక పుణ్యాన అయిపోతుంది. రెండోదానికి మళ్లీ ఘాట్ రోడ్డు, మళ్లీ ఒక రోజు కూలి పోవడం, మళ్లీ బస్సులో వాంతులు. అందుకే ఒక్క కాగితంతోనే కొందరు జీవితాంతం మాత్ర మింగుతారు, కొందరు అదే కాగితాన్ని గోడకి మేకుకి గుచ్చి మర్చిపోతారు. ఆ రెండో టెస్టే చేయించకపోతే నేను అక్కర్లేని మాత్ర మింగుతూ ఉండేదాన్ని, అమ్మ 12 దగ్గరే ఉండిపోయేది. నేను ఇప్పుడు ఊరికి వెళ్లినప్పుడల్లా అమ్మ కాగితాలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి, తేదీల వారీగా పెట్టుకుంటున్నాను. మీరూ చెయ్యండి, తడిసినా చిరిగినా పోదు.

జులై తర్వాత అమ్మ ఒకసారి మాత్ర ఆపేసింది. "బాగానే ఉన్నాను కదా, ఇంకేటి మాత్ర?" నేను గొడవ పడలేదు. నాన్న ఫొటో కింద కూర్చోబెట్టి ఆ 178, ఆ 141 రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించాను. అమ్మకి చదవడం రాదు, అంకెలు వచ్చు. సంతలో అంకెల దగ్గర అమ్మని ఎవరూ మోసం చేయలేరు. కాసేపు చూసి, "అయితే ఇది తగ్గడం మంచిదే కదేటి" అని పెట్టె తీసింది.

నా డబ్బాలో మిగిలిన మాత్రలు 58. చిన్నమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్నాను. చిన్నమ్మ ఏమీ అనలేదు, టీ ఇచ్చింది. వచ్చే నెల ఆవిడకి మళ్లీ టెస్టు ఉంది, నేనే తీసుకెళ్తున్నాను.

రిపోర్ట్ పంపిన చెల్లిని అడిగాను, టెస్టుకి ముందు ఏమైనా జ్వరం వచ్చిందా అని. టైఫాయిడ్ అంది. రెండున్నర నెలల తర్వాత తేదీ ఒకటి అనుకున్నాం. ఆ రోజు ఆమెకి ప్రాక్టికల్స్ ఉన్నాయట, మధ్యాహ్నం తర్వాత వెళ్తాం.